నంజుకునేది చకనా

తెలంగాణలోని నాగారంలో సాయంత్రం వైన్స్ పక్కన పర్మిట్ రూమ్ నిండిందంటే సీసా కన్నా ముందు వినిపించే మాట ‘చకనా’. వైన్స్ అని బోర్డు ఉన్నా అక్కడ అడిగేది ఎక్కువగా బీరు, విస్కీలే. వాటి పక్కన కాగితం ప్లేటులో శనగ గుడాలు, వాటిమీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కారం, పిండిన నిమ్మచెక్క. ఇంకాస్త ఖర్చు పెడితే బోటి వేపుడు.

ఉర్దూలో ‘చఖ్‌నా’ అంటే రుచి చూడటం. ఆ క్రియే తినే వస్తువుకు పేరైంది. ఖ పలుచబడి క అయింది. పాత హైదరాబాదీ వంటింట్లో మాత్రం చాక్నా అంటే మేక పేగులు, పొట్ట వేసి పుల్లగా వండే కూర.

మనకూ సొంత మాట ఉంది: నంజు. ముద్దపప్పు అన్నంలో ఆవకాయ నంజుకుంటాం. కడుపు నింపేది అన్నం, నోరు ఊరించేది ఆవకాయ. నంజుకునేది ఎప్పుడూ పక్కవాయిద్యమే. మాంసానికి నంజుడు అనే పేరుంది. పాత తెలుగులో రాక్షసుణ్ణి నంజుడుతిండి అన్నారు.

కోస్తాలో కుర్రాళ్లు స్టఫ్ అంటారు, మంచింగ్ అంటారు. కేరళలో టచింగ్స్. స్పెయిన్‌లో తాపాస్; తాపా అంటే మూత. అక్కడ చిన్న ప్లేట్లతోనే రాత్రి భోజనం ముగించేవాళ్లున్నారు. ఇక్కడ చకనా ఎంత తిన్నా, ఇంటికెళ్లాక ‘అన్నం తిన్నావా?’ అంటే ‘ఇంకా లేదు’ అనే జవాబు.