ఆర్‌ఈసీ హాస్టల్లో మొదటి ఏడాది

రెండో పంచవర్ష ప్రణాళిక నాటికి దేశానికి ఇంజనీర్లు ఎందరో కావలసి వచ్చారు. అందుకోసం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలు నెలకొల్పాయి. వాటిలో మొదటిదైన వరంగల్ ఆర్‌ఈసీకి 1959 అక్టోబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. సగం సీట్లు మన రాష్ట్రానికి, తక్కిన సగం ఇతర రాష్ట్రాలకు.

ఆ సగం సగం లెక్కలోని మేలు నాకు హాస్టల్లో తెలిసింది. మన బడిలో తెలుగు మీడియంలో చదివిన నేను 1988లో అక్కడ చేరాను. క్లాసులో నోరు పెగిలేది కాదు. గదిలో నాతోపాటు ఒక బీహారీ, ఒక మలయాళీ. వాళ్లకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. ఇక ముగ్గురికీ మిగిలింది వచ్చీరాని ఇంగ్లిషే. ఎవరూ ఎవరినీ చూసి నవ్వే వీల్లేదు. బకెట్ అడగాలన్నా, గోంగూర అంటే ఏమిటో చెప్పాలన్నా అదే. డ్రాయింగు షీట్లకు మాత్రం వాళ్లే నా దగ్గరికి వచ్చేవారు. అది మన లెక్కల మాస్టారు నేర్పిన జామెట్రీ చలవ. దీపావళి నాటికి క్లాసులో లేచి సందేహం అడగగలిగాను.

2002లో ఆ కళాశాల ఎన్‌ఐటీ అయింది. సగం సగం పద్ధతి ఇప్పటికీ ఉంది.

ఏటా మన బడి పిల్లలు దూరపు హాస్టళ్లలో చేరుతున్నారు. మొదటి నెలలోనే బెంగపడి పెట్టె సర్దుకునేవాళ్లూ ఉంటారు. మిత్రులకు నా మనవి ఒక్కటే. మనం ఉన్న ఊళ్లో చేరిన పిల్లల్ని ఆ నెలలో ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలుద్దాం. వాళ్ల పేర్లు మన గురువులు అందిస్తే చాలు.