గృహ విద్యుత్ వైరింగ్ భద్రతా నియమాలు

ఇళ్ళలో విద్యుత్ తీగలను, స్విచ్చులను, ఎర్తింగును ఏ విధంగా అమర్చాలో నిర్దేశించే చట్ట నిబంధనలను, సాంకేతిక ప్రమాణాలను కలిపి గృహ విద్యుత్ వైరింగ్ భద్రతా నియమాలు అంటారు. భారతదేశంలో ఇళ్ళకు సాధారణంగా 230 వోల్టుల, 50 హెర్ట్జ్ సింగిల్ ఫేజ్ విద్యుత్తు సరఫరా అవుతుంది. ఈ నియమాలకు ప్రధానంగా రెండు లక్ష్యాలు ఉన్నాయి. మొదటిది తీగలు వేడెక్కి అగ్నిప్రమాదం జరగకుండా చూడటం. రెండవది మనుషులకు విద్యుదాఘాతం, అంటే వాడుకలో షాక్, తగలకుండా చూడటం. ఈ రెండింటికీ వాడే రక్షణ సాధనాలు వేరు వేరు. ఇంట్లో ఫ్యూజు ఉన్నంత మాత్రాన షాక్ నుండి రక్షణ ఉన్నట్లు కాదు.

చట్టాలు, ప్రమాణాలు

భారత విద్యుత్ చట్టం, 1910 కింద రూపొందిన భారత విద్యుత్ నియమాలు, 1956 చాలా కాలం అమలులో ఉన్నాయి. 1910 నాటి చట్టం స్థానంలో విద్యుత్ చట్టం, 2003 వచ్చింది. దీని 53వ సెక్షను భద్రతా నిబంధనలకు సంబంధించినది. దీని ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను జారీ చేసింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి.

సాంకేతిక వివరాలను భారత ప్రమాణాల బ్యూరో ప్రచురించే ప్రమాణాలలో చూడవచ్చు. వైరింగుకు ఐ.ఎస్. 732, ఎర్తింగుకు ఐ.ఎస్. 3043, ప్లగ్గులు, సాకెట్లకు ఐ.ఎస్. 1293 ముఖ్యమైనవి. వీటి సారాన్ని ఒకచోట చేర్చిన గ్రంథం జాతీయ విద్యుత్ కోడ్. ఇది మొదట 1985లో వెలువడింది. 2011లోను, 2023లోను దీనిని సవరించారు.

తీగలు, సర్క్యూట్లు

తీగ ఎంత లావు ఉండాలో అందులో ప్రవహించే విద్యుత్తును బట్టి నిర్ణయిస్తారు. రాగి తీగ అయితే దీపాలు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడటం వాడుకలో ఉన్న పద్ధతి. దీపాలు, ఫ్యాన్లు, 6 ఆంపియర్ల సాకెట్లు కలిపి ఒక సర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు మించకుండా, పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు మించకుండా వైరింగు చేస్తారు.

స్విచ్చును, ఫ్యూజును ఫేజ్ తీగలోనే అమర్చాలి. స్విచ్చును న్యూట్రల్ తీగలో పెడితే, ఆపివేసిన తరువాత కూడా బల్బు హోల్డరులో 230 వోల్టులు ఉంటాయి. దీపం వెలగడం లేదు కదా అని బల్బు మార్చబోయిన వారికి షాక్ తగులుతుంది.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది

ఫ్యూజు, దాని ఆధునిక రూపమైన ఎం.సి.బి. కాపాడేది తీగను. పరిమితిని మించి విద్యుత్తు ప్రవహించినపుడు, తీగ కాలిపోక ముందే ఇవి సరఫరాను తెంచుతాయి. మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓంలు అనుకుంటే, 230 వోల్టుల తీగను తాకినపుడు శరీరం గుండా 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఇది 60 వాట్ల బల్బు తీసుకునే విద్యుత్తు కంటే కూడా తక్కువ. 6 ఆంపియర్ల ఎం.సి.బి. పరిమితిలో ఇది ఇరవయ్యవ వంతు కూడా కాదు కనుక ఆ ఎం.సి.బి. పడిపోదు. అయితే 30 మిల్లీ ఆంపియర్లకు మించిన విద్యుత్తు కొద్ది సెకండ్లు ప్రవహించినా ఊపిరి ఆగిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఎర్తింగు

కూలరు, గీజరు, గ్రైండరు, ఇస్త్రీపెట్టె వంటి పరికరాల లోహపు పైభాగాన్ని భూమికి కలపడాన్ని ఎర్తింగు అంటారు. లోపలి ఫేజ్ తీగ తెగి పైభాగానికి తగిలితే, విద్యుత్తు మనిషి గుండా కాక ఎర్తు తీగ గుండా పోవాలన్నది దీని ఉద్దేశం. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పై పిన్ను ఎర్తుది. పొడవు ఎక్కువ కనుక అది సాకెట్టులో అందరికంటే ముందు కలుస్తుంది, చివరగా విడిపోతుంది.

ఇంటి ఎర్తు కోసం కనీసం 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 2.5 మీటర్ల పొడవు గల గాల్వనైజ్డ్ ఇనుప గొట్టాన్ని, భవనానికి కనీసం 1.5 మీటర్ల దూరంలో భూమిలో నిలువుగా పాతుతారు. దాని చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా వేసి, నేల ఎండిపోకుండా నీరు పోస్తారు. నీటి గొట్టాలను ఎర్తుగా వాడరాదు.

ఒక్కొక్కప్పుడు ఎర్తు ఉన్నా చాలదు. ఉదాహరణకు ఇంటి ఎర్తు నిరోధం 5 ఓంలు, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు నిరోధం 5 ఓంలు అనుకుందాం. కూలరులో తీగ పైభాగానికి తగిలితే ప్రవహించే విద్యుత్తు 230 ÷ 10 = 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఇంత స్వల్ప అధిక భారానికి వెంటనే పడిపోదు. గంట వరకు కూడా నిలిచి ఉండవచ్చు. ఆ సమయమంతా కూలరు పైభాగం 115 వోల్టుల వద్ద ఉంటుంది. తడి నేలపై నిలబడి దానిని తాకిన వారికి ప్రాణాపాయం.

ఆర్.సి.సి.బి.

పై లోపాన్ని సరిచేసే సాధనం ఆర్.సి.సి.బి. ఇది ఫేజ్‌లో వెళ్ళే విద్యుత్తును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే విద్యుత్తును పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత విద్యుత్తు భూమిలోకి కారుతున్నట్లు లెక్క. ఇళ్ళలో 30 మిల్లీ ఆంపియర్ల రకం వాడతారు. ప్రమాణాల ప్రకారం ఆ తేడా వద్ద 0.3 సెకండ్ల లోపు, దానికి ఐదు రెట్ల తేడా వద్ద 0.04 సెకండ్ల లోపు ఇది సరఫరాను తెంచాలి.

దీనికీ పరిమితులు ఉన్నాయి. ఒకే మనిషి ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే తేడా రాదు కనుక ఇది పనిచేయదు. అధిక భారాన్ని కూడా ఇది గుర్తించదు. అందువలన ఎం.సి.బి., ఎర్తు, ఆర్.సి.సి.బి. మూడూ ఉండాలి. దీనిపై ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, సరఫరా తెగుతున్నదీ లేనిదీ చూసుకోవాలి.

సాధారణంగా జరిగే లోపాలు

• ఎర్తు పిన్నును విరిచివేసి, లేదా రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి కూలరు, ఇస్త్రీపెట్టె వాడటం.
• ఫ్యూజు పోయినపుడు లావుపాటి రాగి తీగ చుట్టడం.
• బట్టలు ఆరవేసే ఇనుప దండేనికి ఆనుకొని విద్యుత్ తీగను లాగడం.
• సరఫరా ఆపకుండా కూలరులో నీరు నింపడం.

పని చేయడానికి అర్హులు

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం వంటి చిన్న పనులు మినహా, కొత్త వైరింగును, మార్పులను లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో చేయించాలని నిబంధనలు చెబుతున్నాయి. పని పూర్తయ్యాక 500 వోల్టుల డి.సి. పీడనంతో ఒక నిమిషం పాటు ఇన్సులేషన్ నిరోధాన్ని పరీక్షిస్తారు. ఇది కనీసం ఒక మెగా ఓం ఉండాలి. ఎర్తు నిరోధాన్ని కూడా కొలిచి నివేదికలో నమోదు చేస్తారు. ఆ నివేదిక ప్రతిని ఇంటి యజమాని భద్రపరచుకోవడం మంచిది.