పూతకూ పండుకూ నడుమ

తెలుగులో పువ్వుకు పేర్లు చాలానే ఉన్నాయి. పువ్వు రాలిన నాటి నుంచి పండు చేతికి వచ్చేదాకా సాగే దారికి మనవాళ్ళు పెట్టుకున్న పేర్లు అంతకంటే విలువైనవి. మామిడినే తీసుకోండి. పూత, పిందె, కసుగాయ, టెంక కట్టిన కాయ, దోరకాయ, పండు అంటాం. పిందె పడిందా అని అడగడం వేరు, పిందె నిలిచిందా అని అడగడం వేరు. పిఠాపురం మహారాజు సూర్యారావు బహద్దూరు పోషణతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తయారుచేసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. అటువంటి నిఘంటువులు పుట్టడానికి ఎంతో ముందే ఈ మాటలు తోటల్లో పుట్టాయి. చెట్టును రోజూ చూసేవాళ్ళు వాటిని పుట్టించారు. పిఠాపురం చుట్టుపక్కల ఈ ప్రాంతంలో చెట్టు అందాన్ని ఎవరెవరు ఎలా చూశారో వరసగా గమనిస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: పూతను చూసిన కళ్ళు ఉన్నాయి, పండును చూసిన కళ్ళు ఉన్నాయి, ఆ రెంటి నడుమ గడిచే కాలాన్ని అందంగా చూసిన కళ్ళు మాత్రం తక్కువ. ఆ కొద్దిమందీ పుస్తకాల్లో కంటే ఇళ్ళలో, పొలాల్లో ఎక్కువగా ఉన్నారు.

మొదట కావ్యాల సంగతి. ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో ఋతువులున్నాయి, ఉద్యాన విహారం ఉంది. పూలు కోయడం కూడా ఒక ఘట్టమే. కానీ ఆ ఉద్యానంలో పండు దాదాపు కనబడదు. అశోకం పూయాలంటే స్త్రీ పాదం తాకాలి, పొగడ పూయాలంటే ఆమె పుక్కిలించిన మద్యం పడాలి అన్న దోహద కల్పనలన్నీ పువ్వు దగ్గరే ఆగిపోతాయి. పూసిన చెట్టు కాసిందా అని కవి మళ్ళీ వచ్చి చూడడు. కోయిల విషయంలో ఇది మరీ తేటగా తెలుస్తుంది. నిజానికి కోయిల ప్రధానంగా పండ్లు తిని బతికే పక్షి. కావ్యం దాని నోటి నుంచి పండు తీసేసి మామిడి చిగురు పెట్టింది. ఇదంతా కవిసమయం, దీనిలో పరిశీలన వెతకడం పొరపాటు అని ఎవరైనా అనవచ్చు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆకంతా రాల్చేసిన మోదుగ ఫాల్గుణంలో నిప్పుల కొమ్మలా కనబడుతుందన్న పోలిక ఎవరో ఒకరు ఎప్పుడో నిజంగా చూడకపోతే పుట్టదు. పరిశీలన మొదట్లో ఉంది. తరవాతి కవులు చెట్టు దగ్గరికి వెళ్ళడం మాని ముందటి కవి దగ్గరికి వెళ్ళారు. అలా అన్ని చెట్లూ ఒకే వసంతంలో, ఒకే తోటలో, ఒకే వేళకు పూసేశాయి.

అదే కాలంలో ఇంటి లెక్క వేరుగా నడిచింది. పుష్యమాసంలో భోగి నాడు పిల్లల తల మీద పోసేవి రేగుపళ్ళు. అప్పటికే మామిడి పూతకు వచ్చి ఉంటుంది. మాఘంలో మంచు ఎక్కువైతే, తేనెమంచు పురుగు పడితే ఆ పూత మాడి రాలిపోతుంది. అందుకే పొద్దున్నే తోటకు వెళ్ళే రైతు తలెత్తి చూసే చూపులో మెచ్చుకోలూ ఉంటుంది, బెదురూ ఉంటుంది. ఆకులేని బూరుగు కొమ్మ మీద ఎర్రటి పూలు, తరవాత మోదుగ. ఉగాదికి వేపపువ్వు. ఎండ ముదిరేసరికి రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది, కానుగ నేల మీద తెల్లటి, లేత ఊదా పూలు పరుస్తుంది. పనస కొమ్మ చివర కాక బోదె మీదే కాస్తుంది; లేతకాయ పొట్టు ఆవ పెట్టిన కూరలోకి పోతుంది, ముదిరింది తొనలకు మిగులుతుంది. తొలకరికి నేరేడు, వానల్లో కడిమి. భాద్రపదంలో వినాయకుడి పాలవెల్లికి వెలగపండు కడతారు. ఇరవయ్యొక్క పత్రుల్లో రేగాకు, మామిడాకు మళ్ళీ కనబడతాయి, ఈసారి పువ్వూ కాయా లేకుండా ఒట్టి ఆకులుగా. కార్తీకంలో ఉసిరి నీడన భోజనాలు. తాటిచెట్టు ఒక్కటే ఈ లెక్కను దాదాపు ఏడాదంతా మోస్తుంది. వేసవిలో ముంజ, భాద్రపదం నాటికి పండు, ఆ పండు టెంకను పాతర వేస్తే చలికాలంలో తేగ. దీన్ని పండగల పట్టిక అని తేలిగ్గా తీసుకోకూడదు. ఏ చెట్టును ఎప్పుడు కళ్ళారా చూడాలో, ఎంతకాలం ఎదురుచూడాలో పిల్లలకు నేర్పిన పాఠం ఇదే.

పిఠాపురానికి చెందిన మేడి చెట్టు సంగతి ఇక్కడ చెప్పాలి. దత్త సంప్రదాయంలో శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థలం పిఠాపురమని గురుచరిత్ర చెబుతుంది, ఆ సంప్రదాయానికి ఔదుంబరం, అంటే మేడి, పూజనీయం. అందం అంటే పువ్వే అనుకునేవారికి మేడి చెట్టు గట్టి ప్రశ్న వేస్తుంది. దాని పువ్వు పైకి కనబడదు. మనం కాయ అనుకునే ఆ గుండ్రటి సంచి లోపలే వందల సంఖ్యలో సన్నటి పూలు ఉంటాయి. చీమంత కూడా లేని ఒక జాతి కందిరీగ చివరన ఉన్న కన్నంలోంచి లోపలికి దూరి పరాగం చేరుస్తుంది. వేమన లోపలి పురుగుల్ని చూపించి పైమెరుగును ఎత్తిపొడవడానికి ఈ పండునే ఎంచుకున్నాడు. నీతిగా ఆ మాట గట్టిదే. చెట్టు వైపు నుంచి చూస్తే, ఆ పురుగులు రాకపోతే మేడిలో విత్తనమే లేదు. పూత, పిందె, పండు ఒకే కప్పు కింద ముగిసిపోయే ఈ చెట్టును అందమైనదని ఏ ప్రబంధ కవీ ఉద్యానంలో నాటలేదు. గుడి నాటుకుంది.

పిఠాపురం పక్కనే ఉన్న సామర్లకోటలో 18వ శతాబ్దం చివర మరో రకం చూపు మొదలైంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, ఒక తోట వేసి, మిరియం, కాఫీ, నీలి వంటి పైర్లను పెంచి చూశాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన సంపుటాలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలోని 300 చిత్రాలకు మూలం ఇక్కడి చిత్రకారులు గీసిన బొమ్మలే. మొక్కలకు తెలుగువాళ్ళు పిలిచే పేర్లనూ ఆయన రాసుకున్నాడు. మన సోమిద చెట్టు పేరే సోయ్‌మిడా అన్న శాస్త్రీయ నామంగా నిలిచిపోయింది. ఆ చిత్రాల్లో కొమ్మ మీద పువ్వు, కింద చీల్చి చూపిన కాయ, పక్కన గింజ ఉంటాయి. కావ్యం వదిలేసిన కాయను శాస్త్రం కాగితం మీదికి తెచ్చింది, అందుకు నాకు దాని మీద గౌరవం ఉంది. కాకపోతే నెలల తేడాతో వచ్చే పువ్వూ కాయా ఒకే కాగితం మీద, ఒకే క్షణంలో నిలబడ్డాయి. కాలం మళ్ళీ జారిపోయింది. ఆయన్ను కంపెనీ లాభాల కోసం పనిచేసిన మనిషిగా మాత్రమే చూడటం కూడా న్యాయం కాదు. 1789-92 కరువును దగ్గరగా చూసిన రాక్స్‌బర్గ్, కొబ్బరి, తాటి, ఈత, అరటి, పనస వంటివి విరివిగా నాటాలనీ, వరి పోయిన ఏడు మనిషిని చెట్టు కాపాడుతుందనీ ప్రభుత్వానికి సూచించాడు. చెట్టు కాపును ఏళ్ళ లెక్కలో చూసిన ఆలోచన అది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక డెల్టాలో వరి పెరిగింది. చేను మధ్యలో నీడ ఇచ్చే చెట్టుకు చోటు తగ్గింది; గట్టు, చెరువు ఒడ్డు, గుడి, పెరడు దానికి మిగిలాయి. పిఠాపురం సంస్థానం సాహిత్యానికి పెద్ద కొలువైన కాలం ఆ తరవాతే. ఆ ఆస్థానంలో దేవులపల్లి సోదర కవులున్నారు. వారి ఇంటి బిడ్డ కృష్ణశాస్త్రి 1897లో పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో పుట్టాడు. 1925లో వచ్చిన ఆయన కృష్ణపక్షంతో చెట్టు మీద తెలుగు కవి చూపు మారింది. దూరంగా నిలబడి వర్ణించడం పోయి, ఆకులో కొమ్మలో కలిసిపోవాలన్న ఆరాటం వచ్చింది. చిగురు రావడం, ఆకు రాలడం, వసంతం కోసం తపించడం, అది వెళ్ళిపోవడం, వీటన్నిటితో కాలం కవిత్వంలోకి తిరిగొచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి: భావకవి కూడా పండు దాకా ఉండలేదు. ఆయన తపన పువ్వుతో మొదలై వాడిన పువ్వుతో ముగుస్తుంది. పువ్వు రాలిన చోట పిందె ఉందన్న ఊరట ఆయనకు అక్కర్లేకపోయింది.

ఇంతకీ పిందె కోసం చూసే చూపు అందాన్ని చూసే చూపేనా, కడుపు కోసం వేసే లెక్క కాదా అని గట్టిగానే అడగవచ్చు. ప్రయోజనం కలిసినంత మాత్రాన అందం పోతుందని నేననుకోను. ఉగాది నాడు నోట్లో పెట్టుకునే వేపపువ్వు చేదే. దానితో ఎవరి కడుపూ నిండదు, అయినా ఆ పువ్వు కోసం చెట్టు కింద గుడ్డ పరుస్తారు. నాలుక మీది ఆశ ఒక్కటే ఈ చూపును నడిపిస్తే ఆ గుడ్డ పరచడం ఉండేది కాదు. ఇంకా బలమైన అభ్యంతరం కొబ్బరి నుంచి వస్తుంది. డెల్టా గుండెలో పెట్టుకున్న ఆ చెట్టుకు ఋతువే లేదు కదా, ఏడాదంతా పూస్తుంది, కాస్తుంది. తలెత్తి నిదానంగా చూస్తే జవాబు అక్కడే ఉంది. పైన అప్పుడే విప్పుకున్న పూగుత్తి, దాని కింద పిందెల గెల, ఆ కింద నీళ్ళు నిండిన బొండాలు, అన్నిటికంటే కింద ముదురు కాయలు. పూగుత్తి విచ్చిన నాటి నుంచి కాయ ముదరడానికి సుమారు పన్నెండు నెలలు పడుతుంది. కొబ్బరి ఏడాదినంతా ఒకే తల మీద వరసగా పేర్చుకుని నిలబడుతుంది.

పరాయి చెట్లు వచ్చి మన ఋతువుల్ని చెడగొట్టాయన్న మాట కూడా తరచు వినబడుతుంది. సీతాఫలం, జామ, సపోటా, జీడిమామిడి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. రోడ్ల పక్కన మే నెలను ఎర్రగా మార్చే తురాయిది మడగాస్కర్. అవి ఇక్కడి కాలానికి లొంగాయి, ఇక్కడి నెలలకు గుర్తులయ్యాయి. తురాయి పూయగానే బడి సెలవులు గుర్తుకొచ్చే తరాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి పుట్టిన చోటు కొలబద్ద కానక్కర్లేదు. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక నర్సరీలు దేశం నలుమూలలకూ మొక్కలు పంపుతాయి. తరాల నేర్పు ఉన్న పని అది, వేల కుటుంబాల బతుకు. కానీ ఊళ్ళు, లేఅవుట్లు అక్కడి నుంచి ఎక్కువగా అడిగి తెచ్చుకునేవి ఏడాది పొడుగునా ఒకేలా కనిపించే మొక్కలు. ఆకు రాల్చకూడదు, కాయ రోడ్డు మీద పడకూడదు, పువ్వు ఉంటే ఎప్పుడూ ఉండాలి. త్వరగా పెరుగుతుందని కాకినాడ వీధుల్లో నాటిన కోనోకార్పస్ చివరికి వివాదంగా మారింది. దాని వల్ల మనుషులకు వచ్చే ఆరోగ్య సమస్యల చర్చ అటుంచితే, ఆ చెట్టును చూసి ఇది ఏ నెలో చెప్పగలిగేవారు లేరు. నేరేడు పండు రాలి కాలిబాట మీద మరక పడుతుందని నరికేవారికి ఆ మరక తొలకరి గుర్తని తెలియదు.

ఆ నర్సరీల్లోనే కాలం తెలిసిన మాట ఇంకా బతికి ఉంది. పెరట్లో పెట్టుకోవడానికి అంటు మామిడి మొక్క కొంటే, మొదటి రెండు మూడేళ్ళు వచ్చిన పూతను తుంచేయమని అమ్మేవాళ్ళే చెబుతారు. మోకాలెత్తు మొక్క నిండా పూసి ముద్దుగా ఉంటుంది, తుంచడానికి చెయ్యి రాదు. అయినా తుంచుతారు, కొమ్మ కాయ బరువు మోసే నాటి కోసం.