కోరింగ వన్యప్రాణి అభయారణ్యం

కోరింగ వన్యప్రాణి అభయారణ్యం గోదావరి ముఖద్వారంలోని మడ అడవి. ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దక్షిణాన తాళ్లరేవు మండలంలో, గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది. 1978లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి.

చరిత్ర

ప్రాచీన, మధ్యయుగాల్లోనూ ఈ తీరంలో ఓడ వర్తకం సాగింది. 18వ శతాబ్దంలో ఇక్కడి కోరంగి (కోరింగ) రేవు పేరు మోగింది. పక్కనే యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు స్థావరాలు పెట్టుకున్నారు. తూర్పు తీరంలో పెద్ద ఓడలకు మరమ్మతు చేయగలిగిన కొద్దిచోట్లలో కోరంగి ఒకటి. ఇక్కడి నుంచి బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలకు అక్కడ ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది.

1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఊరిని ముంచెత్తింది. ఈ ఘోరాన్ని గ్రంథస్థం చేసిన హెన్రీ పిడింగ్టనే 1848లో ‘సైక్లోన్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 1839 నవంబరు 25న మరో తుపాను రేవును మళ్లీ నాశనం చేసింది. నది తెచ్చిన ఒండ్రు మొగను పూడ్చేయడంతో వర్తకం క్రమంగా కాకినాడకు తరలిపోయింది. రేవును మూసిన ఆ ఒండ్రు మీదే మడ అడవి విస్తరించింది.

ఆవాసాలు

నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న ఇక్కడి ముఖ్యమైన చెట్లు. మడచెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిలువుగా పైకి వచ్చేవి ఊపిరివేళ్లు. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వీటితోనే ఊపిరి పీలుస్తుంది. ఎక్కువైన ఉప్పును ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఎండపూట ఆకు మీద ఆ ఉప్పు పలుకులు వేలికి తగులుతాయి.

బావురుపిల్లి, నీటికుక్క, నక్క ఇక్కడి జంతువులు. రొయ్యలు, పీతలు, చేపలు ఈ వేళ్ల మధ్యనే పెరిగి సముద్రంలోకి వెళ్తాయి. కాకినాడ అఖాతానికి అడ్డుగోడగా నిలిచిన హోప్ ఐలండ్ ఇసుకతిన్నెల మీద ఏటా జనవరి మొదలు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

సంరక్షణ

వంటచెరకు కోసం నరకడం, చెరువులు తవ్వడం అడవిని దెబ్బతీశాయి. 1996 నవంబరు తుపాను తర్వాత మడ విలువ తీరవాసులకు మరింత తెలిసింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థుల సమితులు కలిసి మెచ్చదగిన పని చేశాయి. ఉప్పు పేరుకుని మోడువారిన నేలలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లులా పిల్లకాలువలు తవ్వారు. పోటు నీరు వచ్చిపోతూ ఉప్పును కడిగింది. కాలువగట్ల మీద మొక్కలు నిలదొక్కుకున్నాయి.

గోదావరితో సంబంధం

మడ అడవికి మంచినీరు, ఒండ్రు రెండూ పైనుంచే రావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి మీద, దాని ఉపనదుల మీద జలాశయాలు పెరిగాయి. వాటిలో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాకు చేరే మట్టి బాగా తగ్గింది. ఎగువన తెలంగాణలో 2020 నుంచి ఇదే గోదావరి నీరు ఎత్తిపోతలతో సిద్దిపేట జిల్లాలోని రంగనాయకసాగర్ జలాశయానికి, ఆపై కొండపోచమ్మసాగర్ జలాశయానికి ఎక్కుతోంది. అక్కడి మెట్ట పొలాలకు ఆ నీరు ప్రాణాధారం. నది చివరనున్న అడవికీ అంతే. అందువల్ల గోదావరి నీటి పంపకాల లెక్కలో సముద్రానికి చేరవలసిన వాటాకూ చోటుండాలి.