చక్రవర్తి చూడకూడని దినచర్య

చైనాను 618 నుంచి 907 దాకా ఏలిన తాంగ్ వంశం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం కొలువులో కలం పట్టిన ఉద్యోగుల చలవే. చక్రవర్తి ఏమన్నాడో, ఏం చేశాడో ఏ రోజుకారోజు రాసిపెట్టడం వాళ్ల పని. ఆ దినచర్యలను కుదించి ఒక్కో పాలనకు ఒక్కో ‘యథార్థ వృత్తాంతం’ తయారుచేసేవారు. వంశం కూలాక తర్వాత వచ్చినవాళ్లు వాటిని ముందు పెట్టుకుని అధికారిక చరిత్ర రాయించేవారు. 629లో రెండో చక్రవర్తి తాయ్‌జోంగ్ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయమే నెలకొల్పాడు.

దినచర్యను చక్రవర్తి చూడకూడదన్నది కట్టుబాటు. చూస్తాడని తెలిస్తే రాసేవాడి చెయ్యి వణుకుతుంది. కానీ తాయ్‌జోంగ్‌కు మనసు ఆగలేదు. లీ షిమిన్ అన్నది అతని అసలు పేరు. 626లో రాజధాని చాంగాన్‌లో, ష్వాన్‌వూ ద్వారం దగ్గర, యువరాజైన అన్న జియాన్‌చెంగ్‌ను తన బాణంతోనే కూల్చాడు. తమ్ముడు యువాన్‌జీ కూడా అక్కడే హతమయ్యాడు. కొద్ది నెలల్లోనే తండ్రి గద్దె దిగాడు, షిమిన్ ఎక్కాడు.

దినచర్య రాసే చూ స్వీల్యాంగ్‌ను అడిగితే, ఏ రాజూ తన గురించిన రాతలు చూసుకున్నట్టు వినలేదని ముఖం మీదే చెప్పాడు. నా తప్పులూ రాస్తావా అంటే, రాయడమే తన ఉద్యోగమన్నాడు. పక్కనున్న ల్యూ జీ అందుకుని, ఇతను రాయకపోయినా లోకం రాస్తుందన్నాడు. ఇలాంటి ఉద్యోగులున్న కొలువును చూస్తే గౌరవం కలుగుతుంది.

అయినా తాయ్‌జోంగ్ పట్టు వదల్లేదు. మంత్రి ఫాంగ్ ష్వాన్‌లింగ్ బృందం దినచర్యలను కుదించి 643లో అతని చేతికిచ్చింది. ష్వాన్‌వూ ఘట్టం డొంకతిరుగుడుగా ఉందని, ఉన్నదున్నట్టు రాయమని ఆదేశించాడు. దీన్ని నిజాయితీగా మెచ్చుకున్నవారున్నారు. నాకు అనుమానం అక్కడే. రాజ్యం కోసం సొంత సోదరులనే శిక్షించిన పూర్వకాలపు చౌ ప్రభువుతో తనను పోల్చుకున్నాడంటే, ఎలా రాయాలో చెప్పినట్టే కదా!

అదృష్టం కొద్దీ మరో సాక్ష్యం మిగిలింది. తండ్రి లీ యువాన్ దగ్గర లేఖకుడిగా ఉన్న వెన్ దాయా, 617లో లీ యువాన్ చేసిన తిరుగుబాటు నుంచి 618లో అతని పట్టాభిషేకం దాకా 357 రోజుల కథ రాశాడు. అందులో పథకం లీ యువాన్‌ది, జియాన్‌చెంగ్ సేనలు నడిపిన సమర్థుడు. అధికారిక చరిత్రల్లోనో, తండ్రి కొడుకు షిమిన్ తోస్తే తప్ప కదలనివాడు, అన్న జల్సారాయుడు.

755లో మొదలైన సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటులో చాంగాన్ దస్తావేజులు చాలా వరకు బూడిదయ్యాయి. వై షూ అనే పండితుడు ఆస్తులన్నీ వదిలేసి జాతీయ చరిత్ర ప్రతిని మాత్రం కొండల్లో దాచాడు. తాంగ్ యథార్థ వృత్తాంతాల్లో నేటికి నిలిచింది హాన్ యూ పేరిట ఉన్న షున్‌జోంగ్ చక్రవర్తిది ఒక్కటే. అందుకే, మూలపత్రాలను పెద్దగా మార్చకుండా ఎక్కించిన 945 నాటి ‘పాత తాంగ్ చరిత్ర’ అంత విలువైనది. 720లో ఏనుగుల సేనతో అరబ్బుల మీదికి, టిబెటన్ల మీదికి వెళ్తానన్న దక్షిణ భారత రాజు ప్రస్తావన కూడా అందులో ఉంది. అతను కంచి పల్లవ రాజు రెండో నరసింహవర్మ అని చరిత్రకారులు గుర్తించారు. 1060లో ఓయాంగ్ షియూ, సోంగ్ చీ చేసిన ‘కొత్త తాంగ్ చరిత్ర’లో శైలి మెరుగైంది, ఆజ్ఞాపత్రాలు చాలా వరకు పోయాయి.

1084లో 294 భాగాల మహాచరిత్ర ముగించిన సిమా గ్వాంగ్, ఏ ఆధారాన్ని ఎందుకు తీసుకున్నాడో వివరిస్తూ వేరే 30 భాగాలు రాశాడు. జియాన్‌చెంగ్ మీది నిందల్లో కొలువు చరిత్రకారుల కల్పన ఉందని, అన్నిటినీ స్వీకరించడం లేదని అందులో తేల్చిచెప్పాడు. తాంగ్ చరిత్ర మొదటిసారి చదివేవారు తొలి అధ్యాయాల పక్కన వెన్ దాయా పుస్తకాన్ని కూడా తెరిచిపెట్టుకోండి.