కంపెనీ క్వార్టరు నుంచి సొంతింటి డిజైను దాకా: బెల్లంపల్లి ఇళ్ల లోపలి చరిత్ర

సింగరేణి చరిత్రను ఇంతవరకు మనం ఉత్పత్తి అంకెల ద్వారా, యాజమాన్యంలో వచ్చిన మార్పుల ద్వారా, సమ్మెల ద్వారా చదివాం. ఈ పాఠంలో అదే చరిత్రను ఒక ఇంటి లోపల నిలబడి చూద్దాం. బెల్లంపల్లిలో ఈ రోజు ఒక కుటుంబం ఇంటీరియర్ డిజైనర్‌ను పిలిపించి, వంటగది ఎటు ఉండాలి, ఏ గోడ తీయాలి అని మాట్లాడుకుంటోందంటే అది నాలుగు డబ్బులున్నవారి ముచ్చటగా మీకు తోచవచ్చు. చరిత్ర చదివేవారికి అందులో వేరే ప్రశ్న కనిపించాలి. ఇంటి నమూనాను నిర్ణయించేది ఎవరు? ఆ ఇంట్లో బతకబోయేవారిని ఎవరైనా ఒక మాట అడిగారా? బొగ్గు గనుల ప్రాంతంలో ఈ ప్రశ్న వయసు దాదాపు వందేళ్లు.

ముందు కాలక్రమాన్ని గుర్తు చేసుకుందాం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1920ల చివరి భాగంలో బెల్లంపల్లి దగ్గర గనులు మొదలయ్యాయి. కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుమార్గం పూర్తయింది కూడా ఆ రోజుల్లోనే. పాత రికార్డుల్లో ఈ బొగ్గు క్షేత్రానికి తాండూరు అనే పేరు కనిపిస్తుంది. నాపరాళ్లకు పేరుపడ్డ వికారాబాద్ జిల్లా తాండూరుతో దీన్ని కలపకండి. ఇది బెల్లంపల్లి పక్కనే ఉన్న తాండూరు, నేటి మంచిర్యాల జిల్లాలోనిది. ఇళ్ల గురించిన కాగితాల్లో బండలూ ఉంటాయి, బొగ్గూ ఉంటుంది కాబట్టి ఏ తాండూరో చూసుకుని చదవాలి.

అడవి అంచున గని తెరిచినప్పుడు అక్కడ ఊరు లేదు, అద్దెకు దొరికే ఇల్లు లేదు. పనికి మనిషి కావాలంటే ఆ మనిషికి నీడ చూపించాలి. అలా గనుల ఊళ్లలో ఇల్లు కూడా పనిముట్లలో ఒకటిగా పుట్టింది. అధికారులకు చుట్టూ ఖాళీ స్థలం ఉన్న బంగ్లాలు, కార్మికులకు ఒకదాని గోడ ఒకటి పంచుకునే వరుస క్వార్టర్లు. రైల్వే కాలనీల్లోనూ ఇదే అమరిక మీరు చూసి ఉంటారు. హోదా మారితే ఇల్లు మారుతుంది, కుటుంబం పెరిగితే మారదు. నమూనా గీసింది కంపెనీ ఇంజనీర్లు, కట్టించింది కంపెనీ సివిల్ డిపార్ట్‌మెంటు. ఆ నమూనాలో నివాసి పేరు ఉండదు, క్వార్టరు నంబరు ఉంటుంది.

ఇక్కడ ఆధారాల గురించి ఒక మాట. బ్రిటిష్ ఇండియాలో కార్మికుల ఇళ్ల స్థితిగతులు తెలుసుకోవడానికి 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదికను పరిశోధకులు తరచుగా తిరగేస్తారు. కాని హైదరాబాదు నిజాం సంస్థానం. ఆ కమిషన్ పరిధి బ్రిటిష్ ఇండియా. అందువల్ల ఝరియా, రాణీగంజ్ కార్మికుల గుడిసెల గురించి దొరికే వివరం బెల్లంపల్లి గురించి అంత తేలిగ్గా దొరకదు. 1947 నాటి బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం గనుల నుంచి పంపే బొగ్గు మీద సెస్సు వేసి, అందులో ఒక భాగాన్ని ఇళ్లకు కేటాయించే పద్ధతి తెచ్చింది. ఆ తర్వాతి కాలానికి కాగితాలు కొంత ఎక్కువ. అయితే ఆ కాగితాలు ఎన్ని ఇళ్లు కట్టారో లెక్క చెబుతాయి, ఆ ఇళ్లలో ఎలా బతికారో చెప్పవు. అది తెలియాలంటే గోడలనే చదవాలి.

గనుల ఊళ్లలో గోడలు చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. రెండు గదుల ఇంట్లో ఒకరు నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవాలి. అదే ఇంట్లో పిల్లలు చదువుకోవాలి, వచ్చిన చుట్టాలు కూర్చోవాలి. మొదటి షిఫ్టు వాళ్లకు తెల్లవారకముందే టిఫిను డబ్బా సిద్ధం కావాలి. గని నుంచి మసిబట్టలతో వచ్చిన మనిషి ముందు గదిలోంచి నడిచి వెళ్తే ఇల్లంతా మళ్లీ ఊడ్చుకోవాలి, కాబట్టి నీళ్లు, స్నానం వెనుక వైపున ఉంటే మేలు. నమూనాలో లేని ఈ అవసరాలను జనం తామే తీర్చుకున్నారు. వరండాకు అడ్డంగా తడికో రేకో కట్టి ఇంకో గది చేశారు. పెరట్లో రేకులు దింపి బొగ్గుల పొయ్యిని అక్కడికి మార్చారు. బొగ్గు పొగ మూసిన గదిలో ప్రాణాంతకం, అందువల్ల పొయ్యి బయటికి నడవడం ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయం కూడా. గ్యాసు వచ్చాక పొయ్యి మళ్లీ లోపలికి వచ్చింది, పాత షెడ్డు సామాన్ల కొట్టు అయింది. ఈ మార్పులకు ప్లాను లేదు, బిల్లు లేదు. వీటిని నిర్ణయించినవారిలో ఇంటి ఆడవాళ్ల పాత్ర పెద్దది. రికార్డులో వాళ్ల జాడ దొరకకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు కాసేపు జర్మనీ వెళ్దాం, ఎందుకంటే ఈ రోజు బెల్లంపల్లిలో ఇల్లు మార్పించేవారు ఎక్కువ ఖర్చు పెట్టే మాడ్యులర్ కిచెన్ పుట్టుక అక్కడుంది. బెల్లంపల్లి గనులు మొదలవుతున్న రోజుల్లోనే, 1926లో, ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టిస్తున్న కొత్త కాలనీల కోసం మార్గరెట్ షుట్టే లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటగది గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. పొయ్యి నుంచి తొట్టికి, తొట్టి నుంచి బల్లకు ఎన్ని అడుగులు వేయాలో లెక్కగట్టి, పిండికీ పప్పులకూ విడివిడి సొరుగులు అమర్చింది. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1913 ప్రాంతంలో ఇంటిపనికి అన్వయించిన ఫ్యాక్టరీ లెక్కలు ఆమెకు స్ఫూర్తి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాదాపు 10 వేల ఇళ్లలో ఈ వంటగది అమర్చారు. అంటే ఇవాళ షోరూముల్లో హోదాకు గుర్తుగా అమ్ముతున్న వస్తువు, మొదట సామాన్య కుటుంబాల చిన్న ఇళ్ల కోసం పుట్టింది. దాని మీద ఒక విమర్శ కూడా వచ్చింది. అది ఒక్క మనిషి నిలబడి పనిచేసే వంటగది. ఇద్దరు కలిసి వండడానికి, అక్కడే కూర్చుని తినడానికి చోటు లేదు. ఉద్దేశం ఎంత మంచిదైనా, గీసినవారు అనుకున్న జీవితం వేరు, ఉండేవారి జీవితం వేరు. అత్తాకోడళ్లు కలిసి పండుగకు సకినాలు చుట్టే ఇంట్లో ఆ కొలత పెడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

మన దేశంలో ఇంటి లోపలి అలంకరణ ఒక వృత్తిగా నిలదొక్కుకోవడం బొంబాయి వంటి నగరాల్లో మొదలైంది. 1937లో భారతీయ ఆర్కిటెక్టుల సంస్థ బొంబాయి టౌన్‌హాలులో ఆదర్శ గృహ ప్రదర్శన పెట్టి, ఆధునిక గది ఎలా ఉండాలో మధ్యతరగతికి చూపించింది. 1972లో ఇంటీరియర్ డిజైనర్లకు అఖిల భారత సంస్థ ఏర్పడింది. అదే సంవత్సరం వచ్చిన ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టు అనే పేరు పెట్టుకోవడానికి నమోదు తప్పనిసరి చేసింది. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకు అలాంటి చట్టబద్ధ నమోదు లేదు. కళాశాలలో నాలుగేళ్లు చదివినవారు, వడ్రంగి పనిలో ఇరవై ఏళ్లు గడిపినవారు, ఫోనులో బొమ్మలు చూపించి అడ్వాన్సు అడిగేవారు అందరూ ఆ పేరుతోనే మీ గడప తొక్కవచ్చు. వృత్తుల చరిత్ర చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి. చట్టం ఒక పేరును కాపాడి పక్క పేరును వదిలేస్తే, దాని ఫలితం చివరికి ఇంటివారి మీద పడుతుంది.

మరి బొంబాయి వృత్తి బెల్లంపల్లి దాకా ఎప్పుడు, ఎందుకు వచ్చింది? దీనికి అభిరుచి మారడం ఒక్కటే జవాబు అనుకుంటే పొరపాటు. అసలు కారణం ఇంటి మీద హక్కు. క్వార్టరులో ఎన్నేళ్లు ఉన్నా, ఉద్యోగ విరమణ తర్వాత ఖాళీ చేయాలి. వదిలి వెళ్లాల్సిన ఇంటికి ఎవరూ టేకు తలుపులు చేయించరు. 1992లో కంపెనీ నష్టాలతో బీఐఎఫ్‌ఆర్ ముందుకు వెళ్లాల్సి వచ్చింది. 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 40 వేల ప్రాంతానికి తగ్గింది. బెల్లంపల్లి చుట్టూ పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కంపెనీ లెక్కల్లో బెల్లంపల్లి ఏరియా అనే పేరు మిగిలింది గాని, ఆ ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం గోలేటిలో ఉంది. గని పోయినా మనుషులు ఊరు విడవలేదు. తెలంగాణ ఏర్పడిన తర్వాత సింగరేణి స్థలాల్లో ఏళ్ల తరబడి ఉంటున్నవారి ఇళ్లను క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. 2017 గుర్తింపు సంఘం ఎన్నికల సమయంలో సొంతింటి కోసం తీసుకునే 10 లక్షల రుణంపై వడ్డీ భారం కార్మికుడి మీద పడకుండా చూడటం పెద్ద హామీగా వినిపించింది. పట్టా చేతికొచ్చిన తర్వాత గాని గోడ మీద పెట్టిన రూపాయి తమదన్న ధైర్యం రాదు. ఇంటీరియర్ డిజైనర్ ఈ ఊళ్లకు వచ్చింది ఆ పట్టా వెంటే అని నా అభిప్రాయం.

వచ్చే డబ్బు స్వభావాన్నీ గమనించండి. గ్రాట్యుటీ, బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండు ఒక్కసారే చేతికి వస్తాయి. మళ్లీ రావు. ఆ డబ్బుతో చేయించే పని తప్పితే సరిదిద్దుకోవడానికి ఇంకో జీతం ఉండదు. అందువల్ల డిజైనర్‌తో జరిగే మొదటి సంభాషణ చాలా విలువైనది. దురదృష్టవశాత్తు ఆ సంభాషణ తరచుగా హైదరాబాదు ఫ్లాటు ఫొటోలతో మొదలవుతుంది. హాలు, వంటగది కలిపేసి మధ్యలో గోడ లేకుండా చేయమని కొడుకు అడుగుతాడు. టీవీ పెద్దగా పెట్టమంటాడు. ఓపెన్ కాస్టులో ఇంకా నైట్ షిఫ్టు చేస్తున్న తమ్ముడు పగలు ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్న డిజైనర్‌కు తట్టదు, ఎందుకంటే షిఫ్టు జీవితం ఆ మనిషికి తెలియదు. ఇంటివారూ చెప్పరు, ఎందుకంటే ఇంటి నమూనా గురించి తమను అడుగుతారని మూడు తరాలుగా వారికి అలవాటు లేదు. కంపెనీ ఇచ్చిన నమూనాలో సర్దుకున్నట్టే, ఫొటోలోని నమూనాలోనూ సర్దుకోవడానికి సిద్ధపడతారు.

గోడ తీయడం కూడా చిన్న సంగతి కాదు. పాత ఇళ్లలో చాలావాటికి కాంక్రీటు స్తంభాలు ఉండవు, ఇటుక గోడే పైకప్పును మోస్తుంది. ఏది మోసే గోడ, ఏది అడ్డుగోడ అన్నది తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు, డిజైనర్ కాదు. భూగర్భంలో బొగ్గు స్తంభాలు తీసేసిన చోట పైనేల కుంగే అవకాశం ఉంటుంది కాబట్టి గనుల ప్రాంతంలో గోడ పగులును తేలిగ్గా తీసుకుని పుట్టీతో కప్పించకూడదు. ఆ పగులు ఎప్పటిదో, ఏ దిక్కుగా నడిచిందో పాత నివాసికే బాగా తెలుస్తుంది. ఎండలు మండే ఈ ప్రాంతంలో ఎత్తు తక్కువున్న గదికి ఫాల్స్ సీలింగ్ బిగిస్తే ఫ్యాను తల మీదికి దిగుతుంది. ఇవి కూడా కోట్ చేసిన కాగితంలో కనిపించవు. కాగితంలో ఉండేవి చదరపు అడుగు ధర, ప్లైవుడ్ రకం. ఆ ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని ఉందా, నీళ్లకు తట్టుకునే ఐఎస్ 710 అని ఉందా అని చూసి, అదే సంఖ్య ఒప్పందంలో రాయించుకునేవారు తర్వాత తక్కువ గొడవ పడతారు.

ఈ పాఠానికి సంబంధించిన క్షేత్ర అభ్యాసం ఇది. మీ ఊళ్లో, లేదా మీకు అందుబాటులో ఉన్న గనుల బస్తీలో, మార్పులు జరిగిన ఒక ఇంటిని ఎంచుకోండి. ఇంటివారి అనుమతితో ఆ ఇంటికి మూడు బొమ్మలు గీయండి: మొదట కట్టినప్పటిది, కుటుంబం తనంతట తాను మార్చుకున్నది, డిజైనర్ గానీ మేస్త్రీ గానీ గీసినది. ప్రతి మార్పు పక్కన ఎవరు అడిగారు, ఎవరు డబ్బు పెట్టారు, ఏ సంవత్సరం అన్నవి రాయండి. ముఖ్యంగా ఇంటి పెద్దావిడను పొయ్యి ఎన్నిసార్లు, ఎటు నుంచి ఎటు మారిందని అడగండి. డిజైనర్ ఇచ్చిన ప్లాను కాగితం పని పూర్తికాగానే చెత్తలో పోతుంది, కాబట్టి ముందే అడిగి ఒక నకలు తీసి పెట్టుకోండి. పాత క్వార్టర్ల ఇళ్లు కూల్చే చోటికి వీలైతే కూల్చకముందే వెళ్లండి. పెరటి గోడ మీద పొగ మరక ఎంత ఎత్తు దాకా ఉందో టేపుతో కొలిచి రాసుకోండి.