పుస్తకం తెరిచి రాసిన పరీక్ష

పాఠశాలలో విజ్ఞానశాస్త్రాన్ని ఎలా బోధించాలన్న విషయమై గడచిన నూటయాభై ఏళ్లలో వెలువడిన నివేదికలకు లెక్క లేకపోయినా, ఆ బోధన వల్ల విద్యార్థికి ఏమి బోధపడిందో తెలుసుకునే పద్ధతిని మార్చడానికి జరిగిన ప్రయత్నాలు మాత్రం చాలా తక్కువ. ఇంగ్లాండులో 1859 నుంచి అక్కడి విజ్ఞాన కళల శాఖ విద్యార్థులు పరీక్షలో తెచ్చుకున్న ఫలితాన్ని బట్టి ఉపాధ్యాయునికి సొమ్ము చెల్లించేది. అటువంటి ఏర్పాటులో ప్రయోగం చేయించడం కన్నా జవాబు వల్లె వేయించడమే లాభసాటి కావడంలో ఆశ్చర్యం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఫలితాల గ్రాంటు పేరుతో ఇలాంటి విధానమే నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, ఒకే ఒక్క సంస్కరణను సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే అవుతుందన్న అభిప్రాయం వెలిబుచ్చింది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలను జ్ఞానం, అవగాహన, వినియోగం వంటి మెట్లుగా విభజించి చూపగా, రెండేళ్ల తరువాత కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడి ఆ వర్గీకరణను దేశంలో ప్రచారం చేసింది. ఏ లక్ష్యానికి ఎన్ని మార్కులో ముందుగా నిర్ణయించే భారత్వ పట్టిక అప్పటి నుంచి ఉపాధ్యాయ శిక్షణలో తప్పనిసరి పాఠమైంది. పట్టికలో అవగాహనకు గడి దొరికింది గాని, ప్రశ్నపత్రంలో దానికి చోటు దొరకడం అంత తేలిక కాలేదు.

ఈ నేపథ్యంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అంటే నేటి నర్మదాపురం ప్రాంతంలో, 1972లో మొదలై ముప్పై ఏళ్లు సాగిన విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమానికి ప్రత్యేకమైన స్థానం ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో జీవశాస్త్ర పరిశోధన వదిలి వచ్చిన అనిల్ సద్గోపాల్ నెలకొల్పిన కిశోర్ భారతి, క్వేకర్లనే క్రైస్తవ శాంతివాదులు స్థాపించిన రసూలియా గ్రామీణ కేంద్రం కలిసి ప్రభుత్వ అనుమతితో 16 గ్రామీణ పాఠశాలల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సామాన్య శాస్త్రం బోధించే బాధ్యత తీసుకున్నాయి. టాటా సంస్థ శాస్త్రజ్ఞులు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు వేసవి శిక్షణ తరగతులకు వచ్చి పల్లెటూరి మాస్టర్లతో కలిసి ప్రయోగాలు చేశారు. 1978లో కార్యక్రమం జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య అనే స్వచ్ఛంద సంస్థ తరువాత దాని నిర్వహణను చేపట్టింది.

పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని, చౌకగా దొరికే సామగ్రితో ప్రయోగం చేసి, చూసిందంతా తమ నోటుపుస్తకంలో రాసుకుని, ఆపైన తరగతి అంతా చర్చించి ఒక నిర్ణయానికి రావడం అక్కడి పాఠం నడిచే తీరు. 'బాల్ వైజ్ఞానిక్' అనే వారి పాఠ్యపుస్తకం ప్రశ్నలు అడుగుతుందే గాని జవాబులు చెప్పదు. జవాబు ప్రయోగంలోంచి రావలసిందే. ఒకే బల్ల పొడవును పది మంది కొలిస్తే పది రకాలుగా ఎందుకు వస్తుందో, ఆ తేడాల నడుమ ఏ అంకెను నమ్మాలో కూడా అందులో ఒక పాఠమే. సందేహాలకు సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి పేరిట ఉత్తరాలు రాస్తే జవాబు వచ్చే ఏర్పాటు కూడా ఉండేది.

అయితే ఈ కార్యక్రమాన్ని గురించి రాసినవారిలో చాలామంది దాని ప్రయోగ సామగ్రినే మెచ్చుకున్నారు; నిజానికి అంతకన్నా సాహసం దాని పరీక్షలో ఉంది. ఎనిమిదో తరగతి చివర వచ్చేది ప్రభుత్వ పరీక్ష. ఏడాదంతా ప్రయోగాలు చేసిన పిల్లవాణ్ణి చివరకు నిర్వచనాలు రాయమంటే, ఏడాది మధ్యలోనే ఉపాధ్యాయుడు ప్రయోగాలు పక్కన పెట్టి నోట్సు చెప్పించడం మొదలుపెడతాడు. అందుకని నిర్వాహకులు ఈ పాఠశాలలకు వేరే పరీక్ష పెట్టుకునే అనుమతి ప్రభుత్వం నుంచి సంపాదించారు. రాత పరీక్షకు పాఠ్యపుస్తకాన్నీ, తాము స్వయంగా రాసుకున్న ప్రయోగాల పుస్తకాన్నీ విద్యార్థులు వెంట తెచ్చుకోవచ్చు. దానికి తోడు చేతితో చేసి చూపవలసిన ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది.

పుస్తకం ఎదుట ఉన్నప్పుడు పుస్తకంలోని వాక్యాన్ని అడగడంలో అర్థం లేదు కాబట్టి ప్రశ్న తయారుచేసేవారి పని ఒక్కసారిగా కఠినమైంది. అటువంటి పరీక్షలో ఇమిడే ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించి చూడవచ్చు: గింజ మొలకెత్తడానికి వెలుతురు అవసరమా కాదా తేల్చడానికి ఒక విద్యార్థి కొన్ని సెనగలను నీరు పోసి ఎండలోనూ, మరికొన్నింటిని నీరు పోయకుండా చీకటిలోనూ ఉంచి, చీకటిలోవి మొలకెత్తలేదు కాబట్టి వెలుతురు అవసరమేనని రాశాడు, ఈ ప్రయోగంలో లోపం ఏమిటి? దీనికి జవాబు ఏ పుటలోనూ దొరకదు. ఒక అంశం ప్రభావం తెలుసుకోవాలంటే మిగిలినవన్నీ సమానంగా ఉంచాలన్న సూత్రం, అంటే ప్రయోగంలో నియంత్రణ, బోధపడిన విద్యార్థి మాత్రమే రెండు చోట్ల ఉంచిన గింజల మధ్య నీటి విషయంలోనూ తేడా ఉందని పట్టుకోగలడు. ఆ సూత్రం పేరు అతనికి గుర్తు లేకపోయినా నష్టమేమీ లేదు.

దిద్దడం ఇంకా పెద్ద సమస్య. ప్రశ్నపత్రాలను ఉపాధ్యాయులే కార్యశాలల్లో కలిసి కూర్చుని తయారుచేసేవారు. పరీక్ష ముగిశాక కొన్ని జవాబు పత్రాలను నమూనాగా తీసుకుని, పిల్లలు వాస్తవంగా ఏమేమి రాశారో చూసి, తాము ఊహించని సమంజసమైన జవాబులను కూడా చేర్చి, ఆ తరువాతే ఏ జవాబుకు ఎన్ని మార్కులో ఖరారు చేసేవారు. మామూలు పరీక్షలో మార్కుల సూచిక ముందు పుట్టి జవాబు దానికి లొంగుతుంది. ఇక్కడ జవాబును చూశాక సూచిక పుట్టింది. కొలత అడిగిన చోట ఒకే అంకెకు బదులు కొంత పరిధిలోని అంకెలన్నింటినీ ఒప్పుకోవలసి వచ్చింది. తప్పు జవాబులు సైతం పారేయవలసినవి కాలేదు, ఎందుకంటే చాలామంది ఒకే రకంగా తప్పారంటే ఆ లోపం పిల్లలదో, ప్రశ్నదో, పాఠానిదో ఆలోచించక తప్పదు. సుమారు అదే కాలంలో, 1974లో ముంబయిలో మొదలైన హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం, ఇంగ్లాండులో రోసలిండ్ డ్రైవర్ వంటి పరిశోధకులు బడిపిల్లలు తమంతట తాము ఏర్పరచుకునే భావాలను, అంటే శాస్త్ర భావనకు భిన్నంగా అనుభవం నుంచి కట్టుకున్న అభిప్రాయాలను, అధ్యయనం చేయసాగారు. వారు పరిశోధనగా చేసిన పని హోషంగాబాద్ మాస్టర్లకు పరీక్షా విధుల్లో భాగమైంది.

2002 నాటికి కార్యక్రమం పదిహేను జిల్లాల్లో సుమారు వెయ్యి పాఠశాలలకు చేరింది. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. పదో తరగతిలో హోషంగాబాద్ జిల్లా ఫలితాలు బాగా లేకపోవడానికి ఇదే కారణమన్న విమర్శ స్థానికంగా బలపడింది. పిల్లలు మూడేళ్లు ఒక కొలబద్దతోనూ, తరువాత రెండేళ్లు పూర్తిగా వేరొక కొలబద్దతోనూ కొలవబడ్డారన్న సంగతి ఆ వాదంలో మరుగున పడింది. కార్యక్రమాన్ని ఎనిమిదో తరగతి దగ్గర ఆపి పై తరగతుల పరీక్షలను యథాతథంగా వదిలేయడమే దాని అసలు బలహీనత అనుకోవాలి.

తరువాతి అనుకరణల్లో ఆ పరీక్ష రూపం వచ్చింది గాని, దాని వెనుక పనితీరు రాలేదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి తొమ్మిది, పదకొండు తరగతుల్లో ప్రవేశపెట్టిన తెరిచిన పాఠ్యం ఆధారిత పరీక్షలో పాఠ్యాంశాన్ని నెలల ముందే ఇవ్వడం వల్ల జవాబులు సైతం ముందే తయారయ్యే వీలు కలిగింది. 2017లో ఆ పద్ధతిని మానుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తరువాత వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాలు విషయావగాహనతో పాటు ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు వంటి ఏడు విద్యా ప్రమాణాలను విజ్ఞానశాస్త్రానికి నిర్దేశించాయి. ఏడాది పొడవునా పిల్లల నేర్పును గమనించే నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద పదో తరగతిలో 80 మార్కులు ప్రభుత్వ పరీక్షకు, 20 మార్కులు పాఠశాలకు కేటాయించారు. హోషంగాబాద్ పరీక్షలో నేర్వదగిన అంశం పుస్తకం తెరవడం కన్నా ఉపాధ్యాయులు పక్కపక్కన కూర్చుని ఒకరి తీర్పును ఒకరు సరిచూసుకోవడం కాగా, ఇక్కడి 20 మార్కులను ప్రతి పాఠశాల తన గోడల మధ్యే వేసుకుంది. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం ఎవరికైనా దక్కేవేనన్న అనుమానం పెరిగి, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని రద్దు చేసి మొత్తం నూరు మార్కులనూ తిరిగి మూసిన పుస్తకానికే ఇచ్చింది.